సముద్రం అడుగున పాతే పర్మనెంట్ సీస్మిక్ సిస్టమ్స్ మీద నా రివ్యూ: డబ్బు పెట్టొచ్చా, ఎవరు పెట్టాలి

జియోఫిజిక్స్ చదివే జూనియర్స్, ఆఫ్‌షోర్‌లో కొత్తగా చేరిన తమ్ముళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది, "అన్నా, ఆయిల్ ఫీల్డ్ మీద సీబెడ్‌లో సెన్సార్ కేబుల్స్ పర్మనెంట్‌గా పాతేస్తారంట కదా, అంత ఖర్చుకి అది పనికొచ్చే వస్తువేనా, నోడ్స్ (బ్యాటరీతో నడిచే విడి సెన్సార్లు, సర్వేకి పెట్టి మళ్లీ తీసేసేవి) పెట్టుకుంటే సరిపోదా" అని. నేను ఆంధ్రా యూనివర్సిటీలో జియోఫిజిక్స్ చేసి నార్త్ సీ డేటా మీద పని చేస్తున్నాను, ఈ సిస్టమ్స్ ఇచ్చే డేటాని ప్రాసెస్ చేశాను, కేబుల్ వేసేటప్పుడు షిప్ మీద ఉండి క్వాలిటీ కూడా చూశాను, కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను. తెలుగులో దీని గురించి ఎవరూ వివరంగా రాయలేదు కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నా.

తీర్పు ముందే చెప్పేస్తా. ఇంకా ఇరవై ముప్పై ఏళ్లు నడవాల్సిన పెద్ద ఫీల్డ్, కొత్త బావులు తవ్వుతూనే ఉండే ఫీల్డ్ అయితే ఐదుకి ఐదు స్టార్లు, కళ్లు మూసుకుని పెట్టొచ్చు. చిన్న ఫీల్డ్ అయితే ఐదుకి రెండు, ఆ డబ్బు వేరే చోట పెట్టుకోవడం మంచిది. ఇంకో మాట, సెన్సార్ ఎంత గొప్పది అన్నదానికంటే దాన్ని పాతిన పని ఎంత శుభ్రంగా జరిగింది అన్నదే ఈ వస్తువు విలువని తేలుస్తుంది, ఇది నేను చాలా గట్టిగా నమ్ముతా, కింద రాసినదంతా చివరికి దాని గురించే.

వస్తువేంటంటే, సీబెడ్‌లో సుమారు మీటరు లోతు కాలవ తీసి, యాభై మీటర్లకో సెన్సార్ చొప్పున ఉన్న కేబుల్స్‌ని వరసలుగా అందులో పాతేసి ప్లాట్‌ఫామ్‌కి కలిపేస్తారు. వరసకీ వరసకీ మధ్య మూడొందల మీటర్లు ఉండటం మామూలు. ఆ తర్వాత ఏడాదికి ఒకసారో రెండుసార్లో ఒక షిప్ ఎయిర్‌గన్స్ లాక్కుంటూ పైన గళ్లు గళ్లుగా తిరిగి శబ్దం పంపిస్తుంది, కింద రెండు మూడు కిలోమీటర్ల లోతులో ఉన్న రాతి పొరల నుంచి తిరిగొచ్చే తరంగాల్ని ఆ కేబుల్స్ రికార్డ్ చేస్తాయి. పాత సర్వేనీ కొత్త సర్వేనీ పక్కపక్కన పెట్టి తేడా చూస్తే ఆయిల్ ఉన్న చోటికి నీళ్లు ఎంతవరకు వచ్చాయి, గ్యాస్ ఎక్కడ విడిపోయింది, ప్రెజర్ ఎక్కడ పడిపోయింది అన్నీ బయటపడతాయి, దీన్నే ఫోర్‌డీ అంటారు, త్రీడీకి కాలం కలిపితే ఫోర్‌డీ. సిస్టమ్ మొత్తాన్ని పీఆర్‌ఎం అంటారు, అంటే పర్మనెంట్ రిజర్వాయర్ మానిటరింగ్ (రిజర్వాయర్ అంటే ఇక్కడ ఆయిల్, గ్యాస్ నిండి ఉన్న రాతి పొర), బీపీ వాళ్లూ కొనోకోఫిలిప్స్ వాళ్లూ లైఫ్ ఆఫ్ ఫీల్డ్ సీస్మిక్ అని పిలిచారు.

పర్మనెంట్‌గా ఎందుకు పాతాలి, షిప్ వెనక కేబుల్ లాక్కుంటూ మళ్లీ మళ్లీ సర్వే చేసుకోవచ్చు కదా అంటే, చేసుకోవచ్చు, దశాబ్దాలుగా అదే చేస్తున్నారు. కానీ మనం వెతికే తేడా చాలా చిన్నది. పిల్లాడి ఎత్తు గోడ మీద గీత గీసి కొలుస్తాం కదా, ప్రతిసారీ వేరే గోడ దగ్గర నిలబెడితే పిల్లాడు పెరిగాడో నేల ఎత్తుపల్లమో ఎలా తెలుస్తుంది, ఇక్కడా అంతే. షిప్ వెనక కేబుల్‌ని నీటి ప్రవాహం పక్కకి నెడుతుంది, అలలు ఊపుతాయి, పైగా ప్లాట్‌ఫామ్ కిందకి ఆ కేబుల్ వెళ్లలేదు, సరిగ్గా ఎక్కువ బావులున్న చోటే మ్యాప్‌లో చిల్లు పడుతుంది. పాతిన సెన్సార్‌కి ఈ బాధలు లేవు, అది కదలదు, అందుకే మిల్లీసెకన్‌లో చిన్న భాగం తేడా వచ్చినా అది రాయిలో వచ్చిన మార్పే అని నమ్మి చెప్పగలం.

ఈ వస్తువు సత్తా చూపించింది నార్త్ సీలో నార్వే వైపు ఉన్న వాల్‌హాల్ ఫీల్డ్. 1975లో దొరికింది, 1982లో ఆయిల్ మొదలైంది, సుద్దరాయి రిజర్వాయర్. ఆయిల్ తీసే కొద్దీ ఆ రాయి నలిగి కుంగిపోతుంది, దాంతో పైన ఉన్న పొరలన్నీ సాగి చివరికి సీబెడ్ కూడా దిగిపోతుంది, ఫీల్డ్ మధ్యలో ఐదు మీటర్లు దాటి దిగింది. బావుల కేసింగ్ పైపులు నలిగి దెబ్బతినేవి. అక్కడ 2003లో బీపీ 120 కిలోమీటర్ల కేబుల్ పాతించింది, దాదాపు 2,400 చోట్ల సెన్సార్లు, సుమారు 45 చదరపు కిలోమీటర్లు, నీటి లోతు డెబ్భై మీటర్లే. పరికరాలు హ్యూస్టన్‌కి చెందిన ఓయో జియోస్పేస్‌వి, ఇప్పటి పేరు జియోస్పేస్. దానికి ముందు అక్కడ షిప్‌తో చేసిన సర్వేలు 1992లో ఒకటి, 2002లో ఒకటి, అంటే ఫోటోకీ ఫోటోకీ మధ్య పదేళ్లు! కేబుల్ పాతాక మొదటి రెండేళ్లలోనే ఆరు సర్వేలు అయ్యాయి. పైగా టైమింగ్ చూడండి, ఆయిల్‌ని బావుల వైపు నెట్టడానికి రిజర్వాయర్‌లోకి నీళ్లు పంపడం మొదలుపెట్టింది 2004 జనవరిలో, కేబుల్ 2003 చివరికే రెడీ, అంటే నీళ్లు వెళ్లకముందు ఫోటో ఒకటి చేతిలో ఉంది, ఇక ఆ నీళ్లు ఎటు పోతున్నాయో నెలల తేడాతో చూసుకున్నారు. చాలా ప్రాజెక్టుల్లో కేబుల్ ఆలస్యమై ఈ మొదటి ఫోటోనే పోగొట్టుకుంటారు, వాల్‌హాల్‌లో ఆ క్రమం సరిగ్గా కుదిరింది, అందుకే నేను ఎవరికైనా చూపించే మొదటి ఉదాహరణ అదే.

వాల్‌హాల్‌లో ఇంకో చిక్కు ఉంది, రిజర్వాయర్ పైన పొరల్లో గ్యాస్ మబ్బులా చేరి ఉంటుంది. మామూలు సీస్మిక్ తరంగం, అంటే పీ-వేవ్, ఆ గ్యాస్‌లోంచి వెళ్తే చెదిరిపోతుంది, ఫీల్డ్ నడిబొడ్డున బొమ్మ మసకబారిపోతుంది. షియర్ వేవ్ రాయి గట్టితనం మీద ఆధారపడి నడుస్తుంది కాబట్టి గ్యాస్ దాన్ని పెద్దగా పాడుచేయదు, కానీ షియర్ వేవ్ నీళ్లలో ప్రయాణించలేదు, దాన్ని పట్టాలంటే సెన్సార్ నేలని తాకి ఉండాల్సిందే. అందుకే ఈ కేబుల్స్‌లో ప్రతి చోటా నాలుగు కొలతలు ఉంటాయి, నీటి ఒత్తిడిని వినే హైడ్రోఫోన్ ఒకటి, నేల కదలికని మూడు దిక్కుల్లో కొలిచేవి మూడు. సీబెడ్ మీద పెట్టే సిస్టమ్ కొనేవాళ్లు ఈ మూడు దిక్కుల డేటాని నిజంగా వాడతారా లేదా అని ముందే తేల్చుకోవాలి, చాలా చోట్ల హైడ్రోఫోన్, నిలువు దిక్కు రెండూ వాడి మిగతా రెండూ హార్డ్‌డిస్క్‌లో పడేస్తారు, చూస్తుంటే నిజంగా బాధేస్తుంది.

అనుకోకుండా వచ్చిన లాభం ఒకటి చెప్పాలి. 2009, 2010 ప్రాంతంలో బీపీ వాళ్లు వాల్‌హాల్ కేబుల్ డేటా మీద ఫుల్ వేవ్‌ఫామ్ ఇన్వర్షన్ అనే పద్ధతి త్రీడీలో నడిపారు, రికార్డైన తరంగం మొత్తాన్నీ కంప్యూటర్‌లో మళ్లీ పుట్టించి రెండూ కలిసేదాకా రాతి వేగాల్ని సవరించుకుంటూ పోయే లెక్క అది. సీబెడ్‌కి కాస్త కిందే, నూట యాభై మీటర్ల లోతులో, ఎప్పటివో కాలవల ఆకారాలు గీత గీసినట్టు బయటపడ్డాయి, గ్యాస్ మబ్బు అంచులు కూడా స్పష్టంగా వచ్చాయి. ఆ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు మాట రాలేదు. ఈ రోజు ఇండస్ట్రీ అంతా ఈ పద్ధతి వాడుతోంది, దానికి నమ్మకం తెచ్చిన డేటాల్లో వాల్‌హాల్‌ది ముందు వరస. సెన్సార్లు కదలకుండా, దగ్గర దగ్గరగా, అన్ని దిక్కుల నుంచీ వింటే ఇలాంటివి ఆర్డర్ ఇచ్చేటప్పుడు అడగకపోయినా వస్తాయి.

వాల్‌హాల్ పక్కనే ఎకోఫిస్క్, నార్వేకి ఆయిల్ భాగ్యం తెచ్చిన ఫీల్డ్, 1969లో దొరికింది. అదీ సుద్దరాయే, అదీ కుంగేదే. 1984లో ప్లాట్‌ఫామ్ దిగిపోతోందని గుర్తించి 1987లో ప్లాట్‌ఫామ్స్‌ని ఆరు మీటర్లు జాకీలతో పైకి లేపారు, సముద్రం మధ్యలో! అలాంటి చోట కింద ఏం జరుగుతుందో తెలుసుకోవడం అంటే ఆయిల్ లెక్కతో పాటు మనుషుల ప్రాణాల లెక్క కూడా. 2010లో కొనోకోఫిలిప్స్ అక్కడ 200 కిలోమీటర్ల కేబుల్, 3,966 సెన్సార్లు పాతించింది, అరవై చదరపు కిలోమీటర్లు. ఇది ఆప్టికల్ ఫైబర్ సిస్టమ్, నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో ఆప్టోప్లాన్ అనే కంపెనీ తయారుచేసింది, ఆ టీమ్ తర్వాత ఆల్కాటెల్ సబ్‌మరీన్ నెట్‌వర్క్స్‌లోకి వెళ్లింది. సుమారు ఏడాదికి రెండు సర్వేలు చేస్తూ వచ్చారు.

ఎకోఫిస్క్ విషయంలో ఇంకోటి. 2001 మే 7న అక్కడ నాలుగు తీవ్రత దాటిన భూకంపం వచ్చింది, కారణం పైపొరల్లోకి పొరపాటున నీళ్లు వెళ్లడం అని తర్వాత తేలింది. అప్పటికి ఈ కేబుల్ లేదు. ఇలాంటి పర్మనెంట్ సిస్టమ్ ఉంటే షిప్ లేనప్పుడు కూడా అది వింటూనే ఉంటుంది, నీళ్లు లోపలికి పంపే ఇంజెక్షన్ బావి చుట్టూ చిన్న చిన్న పగుళ్ల చప్పుళ్లు మొదలైతే ఆపరేటర్‌కి, అంటే ఫీల్డ్ నడిపే కంపెనీకి, ముందే తెలిసే అవకాశం ఉంది. ఈ వినే సౌకర్యం నోడ్స్ ఇవ్వలేవు, వాటి బ్యాటరీ అయిపోగానే పైకి తియ్యాలి. నా మట్టుకు నేను పీఆర్‌ఎంకి ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే, కానీ చాలామంది ఆపరేటర్లు డబ్బులు లెక్కేసేటప్పుడు దీన్ని లెక్కలోకే తీసుకోరు.

ఇక ఎలక్ట్రిక్ మంచిదా ఆప్టికల్ మంచిదా. ఎలక్ట్రిక్ అంటే కేబుల్‌లో కరెంటు పంపి, కిందే చిన్న సర్క్యూట్లు సిగ్నల్‌ని డిజిటల్ చేసి పైకి పంపుతాయి. ఆప్టికల్‌లో నీళ్లలో ఎలక్ట్రానిక్స్ అసలు ఉండవు. ప్లాట్‌ఫామ్ మీద నుంచి లేజర్ కాంతి పంపిస్తారు, హైడ్రోఫోన్‌లో ఫైబర్‌ని బోలు గొట్టం చుట్టూ చుట్టి ఉంటారు, నీటి ఒత్తిడి మారితే గొట్టం సన్నగా నొక్కుకుపోతుంది, ఫైబర్ పొడవు పిసరంత మారుతుంది, తిరిగొచ్చిన కాంతి దశలో ఆ తేడా కనిపిస్తుంది. పాడైపోయేది, పాతబడిపోయేది అంతా పైన గదిలో ఉంటుంది కాబట్టి పదేళ్ల తర్వాత కొత్త లేజర్, కొత్త కంప్యూటర్ పెట్టుకోవచ్చు, కింద ఉన్న గాజు పోగు అలాగే పనిచేస్తుంది. కాగితం మీద ఆప్టికల్ స్పష్టంగా గెలుస్తుంది, కొత్తగా వేసేవాళ్లకి నేనూ అదే చెప్తా. అలాగని ఎలక్ట్రిక్‌ని తీసిపారేయకండి, వాల్‌హాల్‌లో వేసింది ఎలక్ట్రిక్కే, పదేళ్లు దాటాక కూడా ఛానల్స్‌లో ఎక్కువ భాగం బతికే ఉన్నాయి.

నార్వే ఆయిల్ కంపెనీ ఈక్వినార్ వాళ్లు రెండూ వాడారు, అందుకని వాళ్లని చూస్తే పోలిక బాగా తెలుస్తుంది. స్టాట్‌ఆయిల్ పేరుతో ఉన్నప్పుడు 2012లో స్నోరె, గ్రానె ఫీల్డ్స్‌కి జియోస్పేస్ నుంచి ఎలక్ట్రిక్ కేబుల్ కొన్నారు, రెండూ కలిపి దాదాపు 700 కిలోమీటర్లు, 2013, 2014 వేసవుల్లో పాతారు. తర్వాత పెద్ద ఫీల్డ్ యోహాన్ స్వెర్‌డ్రుప్‌కి మాత్రం ఆప్టికల్‌కి మారారు, 2018లో ఆల్కాటెల్ సబ్‌మరీన్ నెట్‌వర్క్స్‌కి ఇచ్చారు, 380 కిలోమీటర్లకు పైగా కేబుల్, 6,500కి పైగా సెన్సార్లు, 120 చదరపు కిలోమీటర్లకు పైన. ఇక్కడ నాకు బాగా నచ్చింది ఏంటంటే ఫీల్డ్‌లో ఆయిల్ మొదలైంది 2019 అక్టోబర్‌లో, కేబుల్ ఆలోచన మాత్రం డెవలప్‌మెంట్ ప్లాన్ వేస్తున్నప్పుడే పెట్టుకున్నారు. ఉన్న ఆయిల్‌లో డెబ్భై శాతం దాటి తీయాలని వాళ్ల లక్ష్యం, ఆఫ్‌షోర్‌లో అది చాలా పెద్ద మాట, అంత తీయాలంటే నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ప్రతి ఏడాదీ చూసుకోక తప్పదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా, పాతే పని. బ్రోషర్‌లో సెన్సార్ గురించి పది పేజీలుంటాయి, పాతడం గురించి ఒక పేరా ఉంటుంది, నా లెక్కలో అది తలకిందులుగా ఉండాలి. ముందు రూట్ సర్వే, కేబుల్ వెళ్లే ప్రతి మీటరూ సోనార్‌తో చూసుకోవాలి, పాత పైప్‌లైన్లు, వదిలేసిన లంగర్లు, బండరాళ్లు, మట్టి మెత్తదా గట్టిదా. మెత్తటి మట్టి అయితే నీటి జెట్‌తో కాలవ తీసి కేబుల్‌ని దించొచ్చు, గట్టి బంకమన్ను అయితే నాగలి లాంటి మెషీన్ కావాలి, రాళ్లున్న చోట రెండూ కుదరవు. నార్త్ సీలో ఈ పని వేసవిలోనే, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా, ఆ తర్వాత అలలు షిప్‌ని నిలబడనివ్వవు. ఒక్క నెల ఆలస్యమైతే మిగిలిన కేబుల్ వచ్చే ఏడాదికి పోతుంది, మొదటి ఫోటో కూడా దానితో పాటే పోతుంది.

మీటరు లోతు పాతడం ఎందుకు అంత ముఖ్యం అంటే రెండు కారణాలు. ఒకటి ట్రాల్ వలలు, వలని విప్పి పట్టే బరువైన బోర్డులు సీబెడ్‌ని గీక్కుంటూ పోతాయి, ప్లాట్‌ఫామ్ చుట్టూ ఐదొందల మీటర్లే సేఫ్టీ జోన్, దాని బయట చేపల బోట్లకి హక్కుంది, కాబట్టి కేబుల్ లోపల ఉండాలి. రెండోది శబ్దం, పైన పడి ఉన్న కేబుల్‌ని ప్రవాహం ఊపుతూనే ఉంటుంది, మట్టి లోపల గట్టిగా కూర్చున్న సెన్సార్ నేలతో పాటే కదులుతుంది, ప్రశాంతంగా వింటుంది. కాలవ తీశాక మట్టి మళ్లీ నిండి గట్టిపడటానికి కొంత టైం పడుతుంది, మొదటి సర్వేకి రెండో సర్వేకి మధ్య ఈ గట్టిపడటం వల్ల కూడా తేడా కనిపిస్తుంది, దాన్ని రిజర్వాయర్ మార్పు అని రిపోర్ట్‌లో రాసేస్తే బావి తప్పు చోట పడుతుంది.

అన్నిటికంటే కష్టం క్రాసింగ్స్. పాత ఫీల్డ్‌లో పైప్‌లైన్లు, కరెంటు కేబుల్స్, బావుల కంట్రోల్ లైన్లు అన్నీ అల్లుకుపోయి ఉంటాయి, వాటి మీదుగా మన కేబుల్ దాటాలి, అక్కడ పాతడం కుదరదు కాబట్టి కాంక్రీట్ మ్యాట్రెస్‌లు వేయాలి లేదా రాయి పోయాలి. కేబుల్ మొత్తం పొడవులో క్రాసింగ్స్ చిన్న భాగమే కానీ తర్వాత వచ్చే తలనొప్పుల్లో పెద్ద భాగం అక్కడి నుంచే వస్తాయి. నేను పనిచేసిన ఒక ప్రాజెక్ట్‌లో (ఫీల్డ్ పేరూ కాంట్రాక్టర్ పేరూ అనవసరం) వాతావరణం పాడవుతోందని తొందరపడి కొన్ని క్రాసింగ్స్ దగ్గర మ్యాట్రెస్ సరిగ్గా కూర్చోకుండానే షిప్ వెళ్లిపోయింది. ఆర్‌ఓవీ (పైనుంచి నడిపే నీటి అడుగు రోబో) వీడియోలో కేబుల్ రెండు ఆనికల మధ్య గాల్లో వేలాడినట్టు నీళ్లలో తేలుతూ కనిపిస్తోంది, మా టీమ్ రాసి ఇచ్చింది, అయినా "తర్వాత సీజన్‌లో చూద్దాం" అన్నారు. ఆ సెన్సార్లు ఆ తర్వాత ప్రతి సర్వేలోనూ గోల చేస్తూనే ఉన్నాయి, పైప్‌లైన్ లోపల పారే ద్రవం చప్పుడు, ప్రవాహం ఊపు, అన్నీ కలిసి. ప్రతి సర్వేలో వాటిని పక్కన పెట్టేయడమే, డబ్బు కట్టి కొన్న చెవులు అవి! కోపం ఇప్పటికీ తగ్గలేదు, ఎందుకంటే ఆ రోజు ఇంకో కొన్ని గంటలు ఉంటే అయిపోయే పని అది.

కనెక్టర్లు కూడా అంతే. షిప్ డెక్ మీద పొడిగా కలిపేవి ఉంటాయి, నీళ్లలోనే ఆర్‌ఓవీ చేత్తో కలిపేవి ఉంటాయి. నీళ్లలో కలిపేవి ఖరీదు, కానీ రేపు ఒక వరస పాడైతే దాన్ని మాత్రమే విడదీసి మార్చుకోవచ్చు. ప్లాట్‌ఫామ్‌లోకి కేబుల్ ఎక్కే గొట్టం దగ్గర వంపు ఎంత ఉండాలి, అలల ఊపుకి అక్కడ ఎంత అలసిపోతుంది అన్నది డిజైన్‌లో తేలికగా తీసుకోకూడదు, అక్కడ తెగితే మొత్తం ఫీల్డ్ ఒకేసారి మూగబోతుంది.

పాతడం అయ్యాక చేసే టెస్టులు త్వరగా చెప్పేస్తా. ప్రతి సెన్సార్ ఏ దిక్కుకి తిరిగి కూర్చుందో తెలుసుకోవాలి, చుట్టూ షిప్ ఎయిర్‌గన్ షాట్లు వేసి నేరుగా వచ్చిన తరంగం ఏ దిక్కు నుంచి వచ్చిందో చూసి లెక్కేస్తారు, స్థానం కూడా అలాగే సరిచేస్తారు. అయిపోయాక కాంట్రాక్టర్ ఇచ్చే ట్రెంచ్ లోతు రికార్డ్ కేబుల్ మొత్తానికి, మీటర్ మీటర్‌కీ ఉండాలి, "సగటున ఇంత" అని ఇస్తే తీసుకోకండి.

ఆ తర్వాత ఏళ్ల తరబడి చేసే సర్వేల గురించి. రిసీవర్ షిప్పులు అక్కర్లేదు, ఎయిర్‌గన్ షిప్ ఒక్కటి చాలు, అందుకే రెండో సర్వే నుంచి ఖర్చు బాగా తగ్గుతుంది. అయితే షిప్ పాత షాట్ల చోటుకే మళ్లీ రావాలి, లేకపోతే సెన్సార్ కదలకుండా ఉన్న లాభం సగం పోతుంది. చలికాలం నీటికీ ఎండాకాలం నీటికీ వేడి తేడా వల్ల శబ్ద వేగం మారుతుంది, పోటు పాటులకి నీటి లోతు మారుతుంది, ఇవన్నీ సరిచేసుకోవాలి, ఇది మా ప్రాసెసింగ్ వాళ్ల రోజూ అన్నం. ఇక్కడ కొనేవాళ్లు చూడాల్సింది స్పీడ్. షిప్ వెళ్లిన కొన్ని వారాల్లో మొదటి తేడా మ్యాప్ బావుల ప్లానింగ్ టీమ్ టేబుల్ మీద ఉంటే రిగ్ వెళ్లే చోటు మార్చుకోవచ్చు. ఏడాది తర్వాత అందంగా వచ్చే మ్యాప్‌కి ఆ విలువ ఉండదు, అప్పటికి బావి తవ్వేసి ఉంటారు. సిస్టమ్ కొని, దాని డేటా చూడటానికి సొంత మనుషుల్ని పెట్టుకోని కంపెనీలు ఉన్నాయి, వాళ్లకి నేను కొనొద్దనే చెప్తా.

ఇబ్బందులు దాచను. మొదటి ఖర్చు చాలా ఎక్కువ, కొత్త ఫీల్డ్ అయితే అది కూడా ఆయిల్ మొదలవకముందే కట్టాలి, ఆయిల్ రేటు పడిపోయిన ఏడాదిలో మొదట కత్తెర పడేది దీనికే, 2014 తర్వాత కొత్త ప్రాజెక్టులు చాలాకాలం మందగించాయి. కేబుల్ వేసిన చోటే వేసినట్టు, ఫీల్డ్ పక్కకి విస్తరిస్తే కొత్త కేబుల్ వేయాలి. ఎయిర్‌గన్ శబ్దం వల్ల చేపల బోట్లతో తగువులు ఉంటాయి, సర్వే ఎప్పుడు చేయాలో వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి.

నోడ్స్ ఈ పదేళ్లలో చాలా మారాయి, ఒక్కో సెన్సార్ విడిగా బ్యాటరీతో ఉంటుంది, ఆర్‌ఓవీ పెట్టి తీస్తుంది లేదా తాడుకి కట్టి వేస్తారు, ఖర్చు తగ్గింది, డేటా క్వాలిటీ పెరిగింది. ఫీల్డ్ జీవితంలో రెండు మూడు సర్వేలే కావాలంటే నోడ్సే కరెక్ట్, ఇందులో వాదన లేదు. ఏటా, అంతకంటే తరచుగా చూడాలి, మధ్యలో కూడా వినాలి, ప్లాట్‌ఫామ్‌ల కింద నేల కుంగుతోంది అంటే పాతిన కేబుల్‌కి సాటి లేదు.

లోతు నీళ్లలో పని చేస్తుందా అని కూడా అడుగుతారు. బ్రెజిల్‌లో పెట్రోబ్రాస్ 2012లో జుబార్టె ఫీల్డ్ మీద దాదాపు 1,300 మీటర్ల నీటి లోతులో పీజీఎస్ అనే నార్వే సీస్మిక్ కంపెనీ వాళ్ల ఆప్టికల్ సిస్టమ్ పెట్టించింది, 35 కిలోమీటర్ల కేబుల్, 712 సెన్సార్లు, చిన్నదే కానీ లోతు నీళ్లలో ఇలాంటి ఫైబర్ సిస్టమ్ అదే మొదటిది. ఆ టెక్నాలజీని 2018లో జియోస్పేస్ కొనేసింది. కాబట్టి లోతు అడ్డంకి కాదని తేలిపోయింది.

మన గోదావరి తీరం సంగతి అడగకుండా ఎవరూ ఉండరు కాబట్టి నా అభిప్రాయం రాస్తున్నా. కృష్ణా-గోదావరి బేసిన్‌లో రిలయన్స్ వాళ్ల కేజీ-డీ6 బ్లాక్‌లో మొదటి గ్యాస్ 2009 ఏప్రిల్‌లో వచ్చింది, ఏడాది తిరిగేసరికి పీక్‌కి వెళ్లి ఆ తర్వాత పడిపోవడం మొదలైంది, బావుల్లోకి నీళ్లు, ఇసుక వచ్చాయి, ప్రెజర్ పడింది, ఆ మొదటి ఫీల్డ్స్ 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. గ్యాస్ ఉన్న ఇసుకరాయిలోకి నీళ్లు వస్తే సీస్మిక్‌లో కనిపించే తేడా పెద్దది, ఇలాంటి రిజర్వాయర్ ఫోర్‌డీకి బాగా అనువైనది. ఇప్పుడు ఓఎన్‌జీసీ వాళ్ల 98/2 బ్లాక్‌లో 2024 జనవరిలో ఆయిల్ మొదలైంది, కాకినాడ తీరానికి ఎదురుగా, ఇంకా చాలా ఏళ్లు నడవాల్సిన బ్లాక్. అక్కడ కేబుల్ పాతాలంటే నార్త్ సీ అనుభవం యథాతథంగా పనికిరాదు. గోదావరి తెచ్చి పోసిన మెత్తటి బురద, ఏటవాలు, అక్కడక్కడా జారిపోయే నేల, 2006లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ యాత్రలో తవ్వి చూసిన హైడ్రేట్లు (గ్యాస్ ఇరుక్కున్న మంచు లాంటి పదార్థం) కూడా ఆ బేసిన్‌లోనే ఉన్నాయి. మెత్తటి బురదలో కాలవ తేలిగ్గానే వస్తుంది, అది జారితే కేబుల్ కూడా జారుతుంది, కదలకపోవడం కోసమే కొనే వస్తువుకి అంతకంటే పెద్ద దెబ్బ లేదు. రూట్ సర్వేలో పాత జారుడు మచ్చల్ని తప్పించుకుంటూ వెళ్లడం అక్కడ మొదటి పని.

రవ్వ లాంటి తక్కువ లోతు ఫీల్డ్, ఎస్.యానాం ముందు ఉన్నది, 1993 నుంచి నడుస్తోంది, వయసు అయిపోతున్న ఫీల్డ్, దానికి నోడ్స్ చాలు, కేబుల్ వద్దు. 98/2కి మాత్రం లోతు తక్కువున్న భాగంలో చిన్న ముక్కగా మొదలుపెట్టి చూడాలని నా కోరిక, జుబార్టెలో చేసినట్టు. వాతావరణం విషయంలో అక్టోబర్, నవంబర్ తుఫాన్లు కుదరవు, జూన్ మధ్య నుంచి నైరుతి అలలు మొదలవుతాయి, మిగిలింది వేసవి. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మరబోట్లు ఒడ్డునే ఉంటాయి, సముద్రం కూడా ఆ రోజుల్లో కొంచెం ప్రశాంతంగా ఉంటుంది. కేబుల్ షిప్ రావాల్సింది సరిగ్గా ఆ రెండు నెలల్లోనే, అలా వస్తే మత్స్యకారుల వలలకి నష్టపరిహారం గొడవ కూడా చాలావరకు ఉండదు, దానికి తగ్గట్టు కాంట్రాక్ట్ అంతకు ముందు ఏడాది వేసవికే సంతకం అయిపోయి ఉండాలి, ఎందుకంటే ఇంత కేబుల్ తయారు కావడానికే నెలలు పడుతుంది.